కుక్కతోక పట్టుకుని కొండెక్కిన బావ

మా ఆవిడ నన్ను ఏ పని మీద పంపినా ఇంట్లో ఒకసారి, మెట్ల మీద ఒకసారి, నేను వీధిలోకి వచ్చాక మేడ మీంచి మరోసారి చెబుతుంది. ఆ రోజు మాత్రం ఒక్కసారే చెప్పింది.

"మా అన్నయ్యకి కళ్ళు కనబడతన్నాయో లేదో సూసి రండి. కనబడకపోతే అక్కడ ఒగ్గీకండి. కూడా తీసుకొచ్చీండి."

"మరి కుక్క?" అన్నాను.

"కుక్కేటి? దాన్ని ఎవరికైనా ఇచ్చీమనండి. మనింట్లోకి కుక్కేటి?"

ఆవిడ అన్నదాంట్లో అన్యాయమేమీ లేదు. మాది బొబ్బిలి బజార్లో స్టీలు సామాన్ల కొట్టు. కొట్టు మీదే ఇల్లు. పెరడు లేదు, అరుగు లేదు. శుక్రవారం గడపకు పసుపు రాసి, కొట్టు తాళాలకు బొట్టు పెట్టి గాని బేరం మొదలుపెట్టం. ఎప్పుడైనా వీధికుక్క గడప తొక్కిందంటే ఆ పూట కొట్టంతా కడిగించే వంశం మాది. బావ మా ఇంటికి రావాలంటే ఒక్కడే రావాలి. అలా వస్తే ఏ గదిలో, ఏ కుర్చీలో, ఏ ఫ్యాను కింద కూర్చుని మిగతా రోజులు వెళ్ళబుచ్చుతాడో కూడా నా కళ్ళకు కట్టింది.

బావంటే మా ఆవిడ అన్నగారు. నాకంటే పెద్దవాడే. మా వైపు చెల్లెలి మొగుణ్ణి కూడా బావా అనే పిలుస్తారు కాబట్టి నేను ఆయనకు బావను, ఆయన నాకు బావ. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగిన వాళ్ళందరికీ తలో కారణం చెప్పాడు, అందులో ఒక్కటీ నమ్మేలా లేదు. చాలా ఏళ్ళు వాళ్ళ నాన్నగారి కిరాణా కొట్టు నడిపి, ఒకరోజు తాళాలు తమ్ముడి చేతిలో పెట్టి, పాలకొండ అవతల ఊరి చివర కొండ కింద రెండు గదుల ఇల్లు కట్టుకుని కూర్చున్నాడు. ఆ కొండా, దాని చుట్టూ ఉన్న అడవీ అటవీ శాఖ వాళ్ళవి. కొన్నేళ్ళ కిందట దాన్ని పార్కు చేశారు. ముందర ఇనప కమాను, సిమెంటు జింకలు, చెట్లకు పేర్ల బోర్డులు. ఆ హంగంతా దాటి నాలుగడుగులు వేస్తే మళ్ళీ మామూలు అడవే.

ఆ ఊరి నుంచి పెళ్ళి సామాను కొనడానికి మా కొట్టుకు వచ్చిన ఒకావిడ, "మీ అన్నయ్యగారు టీ కొట్టు కాడ గ్లాసు కోసం బల్లంతా తడుముకుంటన్నారమ్మా" అని చల్లగా చెప్పి వెళ్ళింది. అప్పట్నుంచి మా ఆవిడకు అన్నం సయించలేదు.

"ఆ కుక్కని నమ్ముకుని తిరుగుతన్నాడట. కుక్కతోక పట్టుకుని గోదారి ఈదినోడెవడైనా ఉన్నాడేటండీ?" అంది కళ్ళు తుడుచుకుంటూ.

సరే, వెళ్ళి చూడొచ్చు. కాని అడగడం ఎలా? చిక్కంతా మా వరసలోనే ఉంది. బావా బావా అనుకునేవాళ్ళు మా వైపు సూటిగా మాట్లాడుకోరు. క్షేమం అడగాలన్నా తిట్టి అడగాలి. గుమ్మంలోకి రాగానే "ఇంకా బతికే ఉన్నావేటి" అంటే అది ప్రేమ. "ఆరోగ్యం ఎలా ఉంది బావగారూ" అంటే ఏదో తగువుకు వచ్చాడని అర్థం. ఎకసెక్కాల్లో మా బావ మొనగాడు. శ్రీకాకుళంలో కళ్ళ డాక్టరుకు చూపించుకుని వచ్చినప్పుడు ఏమన్నాడని అడిగితే, "ఇంత అందమైన కళ్ళు జిల్లాలో లేవన్నాడు" అని చెప్పాడు. ఇక అలాంటివాడి నోట నిజం రాబట్టేదెవరు?

మొన్న వేసవిలో ఒక పెళ్ళిలో నేను ఎదురుగా చేతులు చాచి నిలబడితే, నన్ను దాటి వెళ్ళి, స్తంభం పక్కనున్న వంటాయన్ని కౌగలించుకున్నాడు. "ఏటి బావా, మా సెల్లి తిండి పెట్టడం మానీసిందేటి, ఇలాగ సిక్కిపోనావు?" అన్నాడు. పందిరంతా విరగబడి నవ్వింది. నేనూ పొట్ట పట్టుకుని నవ్వాను. పట్టుకోవడానికి వీలుగానే ఉంటుంది నా పొట్ట. "నువ్వు కనబడలేదు బావా" అని ఆయన అంటే, అంత పెద్ద శాల్తీ కనబడలేదట అని మళ్ళీ నవ్వాం.

వినాయకచవితి వెళ్ళిపోయి దసరా ఇంకా రాని రోజులు. వానలు వెనకబట్టాయి గాని నేల ఇంకా ఆరలేదు. వస్తున్నానని ముందే కబురు పెట్టాను కాబట్టి, నేను బస్సు దిగి వెళ్ళేసరికి బావ తన ఇంటి గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. భుజానికి ఫ్లాస్కు సంచీ, చేతిలో సన్నటి వెదురు కర్ర. పక్కన కుక్క.

దాన్ని అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి. ఊరకుక్కే. బెల్లం రంగు, ఒక చెవి నిక్కి, ఒక చెవి వాలి, మెడలో మేకలకు కట్టే చిన్న గంట. దానికి పేరు కూడా పెట్టలేదు. "ఒసే" అంటే వస్తుంది.

"ఏటి బావా, గిన్నెల మద్దెన కూకుని కూకుని నువ్వూ బిందిలాగ అయిపోనావు," అన్నాడు నేను నోరు తెరవకముందే.

నా పొట్ట చూశాడంటే చూపుకు ఢోకా లేదనుకున్నాను. మనసు కాస్త తేలికపడింది.

"పద, కొండెక్కుదాం. కాఫీ పైన తాగుదాం."

పార్కు గేటు మీద కుక్కలకు ప్రవేశం లేదని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. గార్డు లేచి వచ్చి, మాకంటే ముందు కుక్కకే గేటు తీశాడు. అదేమిటని బోర్డు చూపించాను.

"దాని సంగతేటో గాని, అది లేకపోతే ఈ బాబుని మట్టుకు లోపలికి ఒగ్గను," అన్నాడు గార్డు.

అందరూ ఎకసెక్కాల రాయుళ్ళే అనుకుంటూ లోపలికి నడిచాను.

నాకు అడవుల గురించి ఏమీ తెలియదు. నాకు తెలిసిన ఆకు తమలపాకు, నాకు తెలిసిన నడక గల్లా పెట్టె నుంచి గోడౌను దాకా. అలాంటివాణ్ణి కూడా ఆ ఉదయం ఆ అడవి నోరెత్తకుండా చేసింది. టేకుచెట్ల పూత రాలి దారంతా తవుడు పోసినట్టుంది. ఎండ ఆకుల్లోంచి చిల్లులు చిల్లులుగా దిగుతోంది. తంగేడు విరగబూసింది. ఎక్కడో సీతాఫలం పండి పగిలిన తీపి వాసన. చెట్టుకూ చెట్టుకూ మధ్య సాలెగూళ్ళు, రాత్రి పడ్డ మంచు వాటి మీద ఇంకా అలానే ఉంది. దేవుడు ఇంత పనితనం చేసి ఎవరూ చూడని చోట పెట్టాడేమిటా అనిపించింది. ఇన్నేళ్ళు బావ ఊరికి వచ్చి వెళ్ళాను గాని, కాఫీ తాగి కబుర్లు చెప్పి మళ్ళీ బస్సెక్కడమే తప్ప ఒక్కసారీ ఇటు రాలేదు.

కుక్క ముందు, బావ దాని వెనక, నేను ఆయన వెనక. అది పరిగెత్తదు. ఊరకుక్కకు ఉండాల్సిన తొందర దానికి లేదు. గంట సన్నగా మోగుతూ ఉంటుంది. దారి మలుపు తిరిగే చోట అది ఆగుతుంది, గంటా ఆగుతుంది, బావ ఆగుతాడు. కర్రతో ఒకసారి నేల తట్టి మలుపు తిరుగుతాడు. గంట మళ్ళీ మొదలు. వేరు అడ్డొచ్చినా అంతే. ముచ్చటగా నడుస్తున్నారే ఇద్దరూ అనుకుని, వాళ్ళనే చూస్తూ నడిచి, ఆ వేరే తన్నుకుని నేను బోర్లా పడబోయాను.

వచ్చిన పని మర్చిపోకూడదు కదా. చెట్టు మీద ఏదో పిట్ట కూస్తుంటే, "అదేం పిట్ట బావా?" అని పరీక్ష పెట్టాను.

"సెముడుకాకి. నీలాగే పిలిస్తే పలకదు."

"ఆ పచ్చపూల చెట్టేంటి?"

"తంగేడు. ఏటి బావా, కొట్టు ఎత్తీసి పిల్లలకి పాఠాలు సెబుతావేటి?"

అన్నీ ఒప్పులే. పిట్ట కూసింది కాబట్టి తెలిసింది, పువ్వు రంగు నేనే చెప్పాను కాబట్టి తెలిసింది. ఆ ముక్క నా బుర్రకు తట్టలేదు. కళ్ళు నిక్షేపంగా ఉన్నాయని మా ఆవిడకు చెప్పేస్తే పని అయిపోతుందని సంబరపడ్డాను.

అలా వెళ్ళి వెళ్ళి గెడ్డ దగ్గరకొచ్చాం. కొండ మీంచి దిగే వాగును మా వైపు గెడ్డ అంటారు. వానాకాలం చివరి రోజులు కాబట్టి నీళ్ళు మోకాటి లోతున జోరుగా పోతున్నాయి. దాటడానికి వరసగా బండరాళ్ళు వేసి ఉన్నాయి. కుక్క మొదటి రాయి మీదకు ఎక్కి, ఆగి, గంట ఒకసారి ఆడించి, రెండో రాయి మీదకు వెళ్ళింది. అది ఖాళీ చేసిన రాయి మీదకు బావ అడుగు వేశాడు. అలా ఇద్దరూ గెడ్డ మధ్యకు చేరారు. నేను ఇవతలి ఒడ్డునే చెప్పులు విప్పుకుంటున్నాను.

అంతలో అవతలి పొదలో ఏదో కదిలింది. ఉడుమో, ముంగిసో. ఎంత బుద్ధిమంతురాలైనా కుక్క కుక్కే కదా. మిగిలిన రాళ్ళు ఒక్క గెంతులో దాటి పొదల్లోకి దూకింది. గంట చప్పుడు గలగలా దూరమై, ఇక వినబడకుండా పోయింది.

బావ మధ్యరాయి మీద ఆగిపోయాడు.

తర్వాతి రాయి ఆయన కాలికి అందేంత దగ్గర్లో ఉంది. తెల్లటి రాయి, దాని మీద ఎండ పడుతోంది. చంటిపిల్లాడికైనా కనబడుతుంది. బావ కుడికాలు ముందుకు చాచాడు. ఆ కాలు గాల్లో ఇటు వెతికింది, అటు వెతికింది, నీళ్ళు తగలగానే వెనక్కి వచ్చేసింది. చేతిలోని చెప్పులు చేతిలోనే ఉండిపోయాయి నాకు. పెళ్ళి పందిరి, వంటాయన, టీ గ్లాసు, గార్డు మాట, అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి.

"ఉండు బావా, వస్తున్నాను!" అని నీళ్ళలోకి దిగబోయాను.

"అక్కడే ఉండు." మొదటిసారి ఆయన గొంతులో ఎకసెక్కం లేదు. "సెయ్యి పట్టుకోకు. అది వస్తాది."

"రాకపోతే?"

"వస్తాది బావా. ఎక్కడికెలతాది?"

రెండు పక్కలా నీళ్ళు హోరుమంటుంటే ఆ మనిషి జానెడు రాయి మీద, బస్సు కోసం నిలబడ్డవాడిలా నిలబడ్డాడు. పిలవలేదు, ఈల వేయలేదు. ఫ్లాస్కు సంచీ ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. ఎంత సేపో నాకు తెలియదు. నాకైతే మా కొట్టు పెట్టి ఎన్నాళ్ళయిందో అంతసేపు అనిపించింది.

గంట వినబడింది. ముందు సన్నగా, తర్వాత దగ్గరగా. కుక్క పొదల్లోంచి వచ్చింది, ముట్టెకు మట్టి, తోక కాళ్ళ మధ్య. రాళ్ళ మీదుగా నేరుగా ఆయన దగ్గరకు వచ్చి మోకాలికి తల ఆనించింది. ఆ చిన్న రాయి మీదే ఎలాగో వెనక్కి తిరిగి, తర్వాతి రాయి మీదకు వెళ్ళి, గంట ఆడించి నిలబడింది.

"ఒసే గుంటా, ఇప్పుడేటే నీకు వేటలు!" అని తిట్టి, బావ అడుగు వేశాడు.

నాకు కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. ఆ కళ్ళతోనే రాళ్ళు దాటబోయి, కాలు జారి, బిందె మునిగినట్టు గెడ్డలో మునిగాను.

ఆ చప్పుడుకు బావ అవతలి ఒడ్డున నిలబడి అన్నాడు: "ఏటి బావా, కళ్ళు కనబడలేదేటి?"

తడిబట్టలతో అవతలి ఒడ్డుకు చేరి కూర్చున్నాను. కుక్క వచ్చి నా చెయ్యి వాసన చూసి, పర్వాలేదనుకుంది కాబోలు, పక్కన పడుకుంది. ఇక దాచుకోలేకపోయాను.

"బావగారూ," అన్నాను. "మీకు ఎంతవరకు కనబడుతుంది?"

గారు అన్న మాట వినగానే ఆయన మొహంలో నవ్వు ఆగిపోయింది. నా పక్కన చతికిలబడ్డాడు.

"ఎలుగు తెలుస్తాది. నీడ తెలుస్తాది. మనిషి ఎదురుగా వస్తే నల్లగా ఏటో కదుల్తాది. అంతే. కంటి నరం ఎండిపోనాదట. ఆపరేషన్‌కి లొంగదట."

"ఒక్క మాట మాతో చెప్పకూడదా?"

"సెప్పలేదేటి? పెళ్ళిలో సెప్పాను. మీ ఇంటికొచ్చినప్పుడు సెప్పాను. ఫోన్లో సెల్లికి ఎన్నిసార్లు సెప్పాను, కనబడట్లేదే అని. అందరూ నవ్వీసారు. నవ్వుతున్నోళ్ళ మద్దెన మళ్ళీ ఏటి సెబుతాం? నేనూ నవ్వీసాను."

నిజమే. ఆయన మా దగ్గర ఏదీ దాచలేదు. వినేవాళ్ళకే బావ నోటంట వచ్చింది నిజం అయ్యుంటుందన్న ఊహ లేకపోయింది.

ఆ తర్వాత చెప్పింది విని నాకు మతి పోయింది. డాక్టరు చూపు పోతుందని చెప్పిన నాటి నుంచి, ఇంకా బాగా కనబడే రోజుల్లోనే, బావ రోజూ ఈ దారిలో కళ్ళు మూసుకుని నడవడం మొదలుపెట్టాడట. అప్పటికే వెంట తిరుగుతున్న ఈ కుక్క మెడలో గంట కట్టి, మలుపు దగ్గర ఆగితే బిస్కట్టు, వేరు దగ్గర ఆగితే బిస్కట్టు, ఆగకపోతే తిట్లు. ముళ్ళలో పడ్డాడు, గెడ్డలో పడ్డాడు, లేచాడు. చీకటి ఎలాగూ ఇంటికొస్తుందని తెలిసి, ముందే ఇల్లు సర్దిపెట్టుకున్నాడు. మనకు పన్ను పీకుతారంటేనే వారం రోజులు నిద్ర పట్టదు. ఇంత గుండె ధైర్యం మా చుట్టాల్లో ఉందని, అదీ ఈ ఎకసెక్కాల మనిషిలో ఉందని, నేను కలలో కూడా అనుకోలేదు.

"నిన్ను పంపించింది మా సెల్లేనా?" అన్నాడు బావ.

"అవును."

"తీసుకొచ్చీమందా?"

"అవును."

"మరి దీన్ని?"

ఆయన చెయ్యి నేల మీద జరిగి జరిగి కుక్క వీపు దొరికించుకుంది. బొబ్బిలిలో మా మేడ మెట్లు, వాటి కింద లారీల వీధి నా కళ్ళ ముందు తిరిగాయి. అక్కడ ఈ మనిషిని చెయ్యి పట్టుకుని బాత్రూముకు తీసుకెళ్తాం. ప్రేమగానే తీసుకెళ్తాం. మా ఆవిడ ప్రాణం పెడుతుంది. కాని ఈ నడక ఇంకెక్కడుంటుంది?

"పద. కాఫీ సల్లారిపోతాది," అని లేచాడు.

అక్కణ్ణుంచి ఎక్కుడు. రాతిని మెట్లుగా చెక్కారు, కొన్ని మోకాలెత్తున ఉన్నాయి. గంట, బావ, వాళ్ళకు బాగా వెనక నేను. చెట్టుచెట్టుకీ ఆగి ఆయాసం తీర్చుకుంటుంటే పైనుంచి "బేగి రా బావోయ్" అని కేక. చేరేసరికి ఆయన రాతి బెంచీ మీద కూర్చుని, మూతలోకి కాఫీ ఒంపుతున్నాడు. అంచు మీద వేలు పెట్టి, వేడి తగలగానే ఆపాడు. ఒక్క చుక్క ఒలకలేదు.

"నాగావళి కనబడతన్నాదా?" అని అడిగాడు.

"కనబడుతోంది."

"సెప్పు."

నాకు వర్ణనలు రావు. అయినా చెప్పాను. వరి ఈనబోతూ పొట్ట మీదుందని, పచ్చదనం కంటికి ఆనకుండా పోయేంత దూరం ఉందని, ఏటి ఒడ్డంతా రెల్లు పూసి తెల్లగా ఉందని, నీళ్ళు వంపు దగ్గర మాత్రమే మెరుస్తున్నాయని. ఆయన కళ్ళు అటే పెట్టి, ఒక్క ఎకసెక్కం లేకుండా విన్నాడు. మా వరస కలిసినప్పట్నుంచి మేమిద్దరం అంతసేపు తిన్నగా మాట్లాడుకోవడం అదే మొదలు.

కొండెక్కే ముందు బావ ఫ్లాస్కు సంచీలో వేసిన నా ఫోన్ అప్పుడు మోగింది. ఆ కొండ మీద తప్ప కింద సిగ్నల్ ఉండదు. మా ఆవిడ పొద్దుట్నుంచి కొడుతూనే ఉండి ఉంటుంది.

"స్పీకరు పెట్టు," అన్నాడు బావ.

"ఏటండీ, అన్నయ్యకి కనబడతన్నాదా?" అంది ఎత్తగానే.

బావ ఫోను వైపు వంగాడు.

"కనబడట్లేదే సెల్లీ. బొత్తిగా కనబడట్లేదు."

అటునుంచి పెద్ద నవ్వు. "నీకెప్పుడూ ఏలాకోలమే అన్నయ్యా! ఉండు, ఆయనకి ఇయ్యి ఫోను."

ఎప్పుడూ ఆ నవ్వుకు తన నవ్వు కలిపే మనిషి ఈసారి కలపలేదు. మొహం నా వైపు తిప్పాడు. ఆ చూపు నా భుజం పక్కనుంచి పోయింది.

"నవ్వకు," అన్నాను మా ఆవిడతో. "నిజమే చెబుతున్నాడు."

నవ్వు తెగిపోయింది. మా బజారులో లారీ హారన్ ఒకటి వినబడింది. తర్వాత ఆవిడ ఏడుపు. ముక్కు చీదుకుని, గొంతు సర్దుకుని అడిగింది.

"ఇప్పుడెక్కడున్నారు?"

"కొండ మీద."

"కనబడని మనిషిని కొండెలా ఎక్కించీసారండీ మీరు?" అని గద్దించింది. "మీకు బుద్ధుందేటి?"

"నేను ఎక్కించలేదే," అన్నాను. "నాకంటే ముందే ఎక్కాడు. నన్నే బేగి రమ్మని కేకలేశాడు. నేను గెడ్డలో పడ్డాను. ఆయన పడలేదు."

ఫోను పెట్టేసిందనుకుని చూశాను, పెట్టెయ్యలేదు. బావ కాఫీ మూత పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు. ఇన్ని చీకట్లకు సిద్ధపడ్డ మనిషి ఆ చిన్న ఫోను ముందు ఊపిరి బిగబట్టి కూర్చోవడం చూడలేక తల తిప్పుకున్నాను.

"అన్నయ్యా," అంది చాలాసేపటికి. "ఆ కుక్క ఏటి తింటాది?"

బావ ఏదో ఎకసెక్కం ఆడబోయాడు. పెదవుల దాకా వచ్చింది. మింగేసుకున్నాడు.

"పెరుగన్నం," అన్నాడు.

"ఆదివారం కలిపి పట్టుకొస్తాను," అంది మా ఆవిడ. "ఇద్దరికీ."